వరదనీరు, మన ఇల్లు, మన సామాను

(మూకండపల్లిలో ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇంతకుముందే శాస్త్రులుగారు పంచాంగము చదివి వినిపించినారు. ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు అయిన తరువాత, ఈ ఏడు పడబోయే వానలో సముద్రము మీద ఎన్ని భాగములు, కొండల మీద ఎన్ని భాగములు, భూమి మీద ఎన్ని భాగములు అన్నది కూడా చెప్పినారు. భూమి మీద పడే ఆ కాస్త భాగము మన గడప దాటి లోపలికి వస్తే ఏమి చేయవలెనో మాత్రము పంచాంగములో వ్రాసి ఉండదు. కార్యదర్శిగారు నన్ను ఆ ముక్క మాట్లాడమన్నారు. నేను ఇంజనీరును కాను, రైల్వే గుమాస్తాను. అయితే రైల్వేలో నీటిని గురించి భయము ఎక్కువ. కట్టకు భయము, వంతెనకు భయము, గూడ్సుషెడ్డులోని బస్తాకు భయము. ఆ భయములోనుండి పుట్టిన పద్ధతులు కొన్ని ఇంటికి కూడా పనికివస్తవని నా నమ్మకము.

"హోసూరుకు వరదేమిటయ్యా?" అని మీలో కొందరు అనుకొంటూ ఉంటారు. న్యాయమే. మనము సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున కూర్చున్నాము. విజయవాడవారు మునుగుతారు, కోనసీమవారు మునుగుతారు, మనకేమి అని ధీమా. కాని నీటికి కావలసినది సముద్రమట్టము కాదు, పక్కనున్న దానికంటె పల్లము. నీరు పల్లమెరుగునన్న మాట మన పెద్దలు ఊరకే అనలేదు. కొండ మీద కూడా గుంత గుంతే గదా!

మన జిల్లాలోనే జరిగిన సంగతి చెబుతాను. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరము దాటి లోపలికి వచ్చి, కదలకుండా కూర్చున్నది. కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో 24 గంటలలో 503 మిల్లీమీటర్ల వాన పడినది. జిల్లాలో ఏడాది పొడుగునా పడే వానలో సగానికి పైగా ఒక్క రోజున దిగినదన్నమాట. రోడ్డు పక్కన నిలిపిన వాహనములు నీటిలో కొట్టుకొనిపోయినవి. అదే నీరు దిగువకు పోయి సాత్తనూరు ఆనకట్ట నిండి, అక్కడనుండి 1 లక్షా 68 వేల క్యూసెక్కులు వదలవలసివచ్చినది. ఊత్తంగరై సముద్రపు ఒడ్డున లేదు, ఏ డెల్టాలోను లేదు.

503 మిల్లీమీటర్లంటే ఎంతో ఇంటి లెక్కలో చూతాము. మనవారు కొనే స్థలము సాధారణముగా 30కి 40 అడుగులు. ఆ స్థలము మీద ఆ వాన పడితే 56 వేల లీటర్లు. వేసవిలో మనము డబ్బిచ్చి పిలిపించుకొనే 6 వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిదింటికి పైగా. ఒక్క ఇంటి మీద పడినదే అంత. ఎగువ వీధి వారిది, ఆపై వీధి వారిది కూడా పల్లములో ఉన్నవాని గుమ్మములోకే వస్తుంది.

మన పక్కన పారే దక్షిణ పినాకిని, అరవములో తెన్‌పెన్నై, నందికొండల ప్రాంతమున పుట్టి కెలవరపల్లి ఆనకట్ట మీదుగా కృష్ణగిరి దారి పడుతుంది. దాని తోడబుట్టిన ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, అదే కొండల ప్రాంతమున పుట్టి అనంతపురము, కడప దాటి నెల్లూరు పోతుంది. అక్కచెల్లెళ్లలో ఒకతె మన పుట్టింటి వైపు, ఒకతె మనము చేరిన చోటి వైపు. 2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున పెన్నకు ఉపనది అయిన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, రాజంపేట దగ్గర పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలైన పల్లెలు కొట్టుకొనిపోయినవి. ఒకటి రెండు రోజులకే నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలుకట్ట దెబ్బతిని విజయవాడ–మద్రాసు దారి ఆగినది. కడప అంటే కరువు సీమ అని చెప్పుకొంటాము. కరువు సీమలోని ఏరు పదేళ్లు ఎండి, పదకొండో ఏట ఒక్క రాత్రి వస్తుంది. పదేళ్లు ఎండిన ఏటిని జనము ఏరనుకోరు. అందులోనే ఇళ్లు కడతారు.

ఇక్కడ ఒక మాట విడమరచి చెప్పవలెను. "నూరేళ్లకొకసారి వచ్చే వరద" అని పత్రికలలో చదువుతూ ఉంటాము. మొన్ననే వచ్చినది గనుక ఇక నూరేళ్లు రాదని చాలామంది అర్థము చేసుకొంటారు. అది కాదు. ప్రతి ఏడూ నూటికి ఒకపాలు వచ్చే అవకాశము ఉన్నదని దాని అర్థము. పాచిక ప్రతి ఏడూ కొత్తగా వేస్తారు. మనము ఇంటికి బ్యాంకులో 20 ఏళ్ల అప్పు తీసుకొంటాము. ఆ అప్పు తీరేలోగా నూరేళ్ల వరద ఒక్కసారైనా వచ్చే అవకాశము నూటికి 18. ఇరవైఐదేళ్ల వరద వచ్చే అవకాశము నూటికి 56, అనగా రాకపోవుట కంటె వచ్చుటే ఎక్కువ. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు 2008లో ఇచ్చిన మార్గదర్శకములలో, కర్మాగారములు, విద్యుత్ కేంద్రముల వంటివి నూరేళ్ల వరదకు పైమట్టాన ఉండవలెననీ, నివాస గృహములు కనీసము ఇరవైఐదేళ్ల వరదకైనా పైమట్టాన ఉండవలెననీ చెప్పినారు. చెప్పుట వేరు, స్థలము అమ్మేవాడు మనకు చూపించుట వేరు.

స్థలము అమ్మేవాడు ఎప్పుడు చూపిస్తాడు? మార్చి, ఏప్రిల్ నెలలలో. అప్పుడు చెరువు గూడా క్రికెట్టు మైదానములాగ ఉంటుంది. హోసూరు చుట్టుపక్కల భూమి అంతా చెరువుల గొలుసు. ఎగువ చెరువు నిండితే దాని మరవ మీదుగా నీరు కాలువబట్టి దిగువ చెరువుకు పోతుంది. చెరువులు తగ్గినవి, కాలువలు సన్నబడినవి, కాని వాన పడిననాడు నీరు మాత్రము తాతలనాటి దారినే వెతుకుతుంది. ఈ ప్రాంతమునకు కొత్తగా వచ్చిన మనవారికి ఒక చిక్కు కూడా ఉన్నది. అరవములో "ఏరి" అంటే చెరువు, మనకు "ఏరు" అంటే నది. "ఏరి పక్కన స్థలము" అంటే ఏదో ఏటి ఒడ్డు అనుకొని, ఏరు కనబడకపోయేసరికి మరి భయము లేదనుకొంటాడు మనవాడు. నిలబడిన చోటే ఏరి అని ఆయనకు ఎవరు చెబుతారు!

కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు పట్టా, చిట్టా చూచినంత మాత్రాన చాలదు. గ్రామపటము, ఎ–రిజిస్టరు, ఆ సర్వే నంబరుకు ఎఫ్.ఎం.బి. పటము తీసి చూడండి. స్థలము గుండా గాని ప్రక్కన గాని కాలువ గీత ఉన్నదా, పోరంబోకు అని ఉన్నదా, చెరువు హద్దు ఎక్కడికి వచ్చినదో తెలుస్తుంది. ఇవి తమిళనాడు ప్రభుత్వమువారు ఇంటర్నెట్టులో కూడా ఇస్తున్నారు. అరవము చదవరాకపోతే పక్కింటి కుర్రవాణ్ణి పిలవండి. పటము తరువాత ఆ వీధిలో పాత కాపురమున్న ముసలమ్మను అడగండి. ఈ నేలలో పుట్టి పెరిగిన తెలుగువారే ఇక్కడ వేలకొద్దీ ఉన్నారు. మనము వలస వచ్చినవాళ్లము గాని వారు కాదు. నీళ్లు ఎంతవరకు వచ్చినవో వారికి తెలుసు. స్థలము అమ్మేవాని మాట కంటె ఆమె మాట నిజము.

ఇక ఇంటి మట్టము. మనము బేస్‌మెంటు అంటామే, నేల మీదనుండి గచ్చు వరకు లేపే పీఠము, అది చుట్టునేలకు 45 సెంటీమీటర్ల కంటె తక్కువ ఉండకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి. అది కనీసము. ఎక్కడనుండి కొలవవలెనన్నదే అసలు ప్రశ్న. మేస్త్రీ మన స్థలములోని నేల మీదనుండి కొలుస్తాడు. కొలవవలసినది వీధి రోడ్డు నడిమి మట్టమునుండి, లేదా ఆ చోట నీరు నిలిచిన గుర్తునుండి, ఏది ఎత్తైతే దానినుండి. పైగా రోడ్డు ఊరుకోదు, పెరుగుతుంది. పాత తారు గీకకుండా దాని మీదనే కొత్త తారు పోసినప్పుడల్లా నాలుగంగుళాలు లేస్తుంది. పదిహేనేళ్లకు మూడుసార్లు పోస్తే అడుగు. కట్టిననాడు మూడు మెట్లెక్కి పోయిన ఇంటిలోకి ఇప్పుడు మెట్టు దిగి పోతున్నారు. ఆ తరువాత జాకీలు పెట్టి ఇంటిని పైకెత్తించేవారు కూడా ఉన్నారు. ఆ ఖర్చులో పదోవంతు మొదటనే మట్టికి, రాతికి పెట్టి ఉంటే తీరేది. కృష్ణగిరి జిల్లాలో రాతికి కరువా?

వాస్తు విషయము తాకకపోతే బాగుండదు. ఈశాన్యము పల్లముగా ఉండవలెనని స్థలమంతా ఈశాన్యానికి వాలు చేయిస్తాము. వీధి కాలువ నైరుతిన ఉంటుంది. వాననీరు ఈశాన్యాన నిలిచి, ఈశాన్యాననే తవ్విన సంపులోకి దిగుతుంది. నేను వాస్తును కాదనను. కాని సిద్ధాంతిగారిని పిలిపించినంత శ్రద్ధలో నాలుగోవంతు పెట్టి, పారదర్శక గొట్టములో నీళ్లు పోసి మట్టము చూచే మేస్త్రీని కూడా పిలిపించండి. ఆ గొట్టము అబద్ధమాడదు.

స్థలము ఎత్తు చేసేవారు పక్కింటిని కూడా చూడవలెను. నా స్థలము రెండడుగులు లేపితే నాకు రావలసిన నీరు పక్కవానికి పోతుంది. ఊరంతా మట్టి తోలుకొంటూ పోతే చివరకు అద్దె ఇంటి లైనులో ఉండేవాడు మునుగుతాడు. అందుకే ఆ మార్గదర్శకములలోనే, ముంపు భయమున్న చోట స్తంభముల మీద ఇల్లు లేపండి, క్రింద నీరు పోనివ్వండి అన్నారు. అస్సాములో మిసింగులు వెదురు స్తంభముల మీద చాంగ్‌ఘర్ కట్టుకొని నీటిని క్రిందుగా పోనిస్తారు. నీటిని ఆపుట కంటె దారి ఇచ్చుట చౌక.

దారి ఇవ్వకపోతే ఏమవుతుందో రైల్వేవారికి బాగా తెలుసు. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర ఎగువ చెరువుల నీరు వచ్చి రైలుకట్టను కోసివేసినది. డెల్టా పాసింజరు ఆ కోతలో పడి నూరుమందికి పైగా చనిపోయినారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రము మధ్య కట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వేలాడినవి. ఈసారి రైలు ఆగినది గనుక ప్రాణములు దక్కినవి. కట్ట అనేది తనకు తెలియకుండానే ఆనకట్ట అవుతుంది. మన కాంపౌండు గోడ కూడా అంతే. 30 అడుగుల గోడకు ఒక వైపున 3 అడుగుల నీరు నిలిస్తే దాని తోపు సుమారు 3,800 కిలోలు. 6 అడుగులు నిలిస్తే రెండింతలు కాదు, నాలుగింతలు, అనగా 15 టన్నులు. 2019 డిసెంబరు 2న కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయములో వానకు నానిన గోడ ఒకటి పక్కనున్న ఇళ్ల మీద పడి 17 మంది నిద్రలోనే పోయినారు. గోడ అడుగున నాలుగేసి అడుగులకొక రంధ్రము విడిచి కట్టమని మేస్త్రీకి చెప్పండి. పాములు వస్తవంటారు. జాలీ పెట్టించండి.

ఇక విజయవాడ మాట. మన సభలో ఆ జిల్లావారు ఉన్నారు గనుక జాగ్రత్తగా చెబుతాను. 2024 సెప్టెంబరు 1 ఆదివారము. బుడమేరు పొంగి, దాని డైవర్షన్ కాలువకు మూడు చోట్ల గండ్లు పడి, సింగునగర్ మొదలైన పేటలు మునిగినవి. బుడమేటి నీరు కృష్ణలో కలవవలసిన చోట కృష్ణే నిండి ఉన్నది. ప్రకాశం బరాజి దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయినవి, బరాజి చరిత్రలో అంత ఎన్నడూ పోలేదు. అంటే పోవలసిన తలుపు మూసి ఉన్నదన్నమాట. నీరు గంటలలో వచ్చినది, రోజుల తరబడి పోలేదు. డ్రోనులతో అన్నము పొట్లములు వేయవలసివచ్చినది. తరువాత ప్రభుత్వమువారు సాయము ప్రకటించినప్పుడు క్రింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, మొదటి అంతస్తువారికి 10 వేలు అన్నారు. పది మెట్ల తేడాకు సర్కారు కట్టిన వెల అది. క్రింది అంతస్తులో పోయినదేమిటని చూస్తే, గోడలు చాలా వరకు నిలిచినవి. పోయినది సామాను. ఫ్రిజ్జులు, పరుపులు, బియ్యము, పుస్తకములు, మోటారు సైకిళ్లు, కుట్టు మిషన్లు. కుట్టు మిషను మీద బ్రతికే ఇల్లాలికి మిషను పోతే ఇల్లు నిలిచి ఏమి లాభము?

అందుచేత నా ప్రసంగములో సగము సామానుకే పెట్టుకొన్నాను. మనలో చాలామంది అద్దెకో భోగ్యానికో ఉన్నవారము. పునాది మన చేతిలో లేదు. సామాను ఎక్కడ పెట్టుకోవలెనన్నది మన చేతిలోనే ఉన్నది.

మన పూర్వులు ధాన్యము దాచుటలో రెండు దారులు పట్టినారు. రాయలసీమ, తెలంగాణ మెట్ట భూములలో పాతర తీసి, నేల అడుగున గడ్డి పరచి ధాన్యము పోసి మట్టి కప్పేవారు. దొంగ కంటపడదు, నిప్పంటుకోదు. గోదావరి, కృష్ణ పల్లపు సీమలలో పాతర మాటే లేదు. ఎత్తు తిన్నె మీద గాదె, గడ్డిమోకు చుట్టి కట్టిన పురి, ఇంటిలో అటక. నేల స్వభావము ఎరిగి, ఎండ సీమవాడు క్రిందికి పోయినాడు, నీటి సీమవాడు పైకి పోయినాడు. ఇప్పుడు మనము ఎక్కడ పుట్టినా అందరమూ ఒకటే పద్ధతి. విలువైనది క్రింద, పనికిరానిది పైన. అటక మీద చూడండి, పగిలిన కుర్చీ, పిల్లవాని ఉయ్యాల, పాత పరుపు, ఎన్నడూ తీయని ఇత్తడి బిందె. నేల మీద బియ్యము బస్తా, పప్పు డబ్బాలు. బీరువా అడుగు అరలో దస్తావేజులు. ఇది తల్లక్రిందులు.

గూడ్సుషెడ్డులో సిమెంటు గాని బియ్యము గాని నేల మీద దించరు. క్రింద చెక్కలు పరుస్తారు, దానిని డన్నేజ్ అంటారు. గోడకు ఆనించరు, మనిషి నడిచేటంత ఎడము విడుస్తారు. అడుగు ఎత్తు కూడా లేని ఆ చెక్కలే సగము నష్టము తప్పిస్తవి, ఎందుకంటే అన్ని వరదలూ ఆరడుగులు రావు. ఎక్కువసార్లు వచ్చేది జానెడు నీరు. జానెడు నీటికి పోయే సామాను పోగొట్టుకొనుట దురదృష్టము కాదు, అజాగ్రత్త. బియ్యము, ఫ్రిజ్జు, బట్టల మిషను ఇటుకల మీద గాని ఇనుప స్టాండు మీద గాని ఉంచండి. కొత్తగా వచ్చే చెక్కపొడి బోర్డు బీరువాలు చూపుకు బాగుంటవి, నీరు తగిలితే అటుకులవలె ఉబ్బుతవి. పాత ఇనుప బీరువాను అమ్మివేయకండి.

వంట గ్యాసు సంగతి కొంచెము లెక్కతో చెప్పవలెను. నిండు సిలిండరు బరువుగా ఉన్నది గనుక కదలదని అనుకొంటాము. ఇనుము సుమారు 15, 16 కిలోలు, గ్యాసు 14.2 కిలోలు, వెరసి 30 కిలోలు. దాని లోపలి కొలత 33.3 లీటర్లు, బయటి కొలత 35 లీటర్లకు పైమాటే. 35 లీటర్ల నీటిని పక్కకు నెట్టే 30 కిలోల వస్తువు ఏమవుతుంది? తేలుతుంది. ఖాళీది సరే సరి, నిండుది కూడా తేలుతుంది. తేలితే గొట్టము లాగుకొంటుంది, గొట్టము ఊడితే గ్యాసు. కాబట్టి నీరు వస్తున్నదనగానే రెగ్యులేటరు తీసి, మూత పెట్టి, సిలిండరును నిలువుగా కిటికీ ఊచకు గొలుసుతో కట్టండి, లేదా మిద్దె మీద ఆరుబయట చేర్చండి.

మూకండపల్లి పరిశ్రమల పేట. పెద్ద కర్మాగారములవారికి వారి ఇంజనీర్లు ఉన్నారు. మనవారు నడిపే చిన్న షెడ్లకు ఎవరున్నారు? యాసిడ్ డబ్బాలు, రంగులు, థిన్నరు, ఆయిలు పీపాలు నేల మీదనే ఉంటవి. అమెరికాలో వరద భూములకు పెట్టుకొన్న నిబంధనలలో ఒకటి నాకు చాలా నచ్చినది. తేలేది, మండేది, విషమయ్యేది, ఈ మూడు రకముల వస్తువులు వరద మట్టమునకు క్రింద నిలవ చేయరాదు. అంత చిన్న మాట. పాటించకపోయినా, పాటించినది చాలకపోయినా ఏమవుతుందో 2017 ఆగస్టులో తెలిసినది. మనవారు ఎంతోమంది ఉన్న హ్యూస్టన్ దగ్గర, క్రాస్బీ అనే ఊరి రసాయన కర్మాగారములో చల్లగా ఉంచవలసిన పెరాక్సైడులు ఉన్నవి. హార్వీ తుపాను నీటికి కరెంటు పోయినది, దానికి బదులు పనిచేయవలసిన జనరేటర్లు కూడా మునిగినవి. చల్లదనము పోయి సరుకు తనంతట తానే అంటుకొన్నది. చుట్టుపక్కల జనమును ఖాళీ చేయించినారు. ఆపదలో ఆదుకోవలసిన యంత్రమునే ముందు మునిగే చోట పెట్టకూడదు. మన ఇళ్లలో ఆ యంత్రము ఇన్వర్టరు బ్యాటరీ. మెట్ల క్రింద చోటు కలిసివస్తుందని అక్కడే పెడతాము. నాలుగడుగుల ఎత్తున బల్ల కట్టించి పెట్టండి. క్రింది అంతస్తు ప్లగ్గులు కూడా నడుము ఎత్తుననే ఉండవలెను, ఆ అంతస్తుకు వేరే బ్రేకరు ఉండవలెను. ఇ.బి. మీటరు పెట్టె దగ్గర నీరుంటే స్విచ్చు ముట్టవద్దు, ఇ.బి. వారికి ఫోను చేయండి.

నీరు ముందుగా గుమ్మములోనుండి వస్తుందని ఎదురుచూస్తూ ఇసుక బస్తాలు అక్కడ పేరుస్తాము. కాని వీధి కాలువ నిండినప్పుడు అది మొదట పైకి తన్నేది మరుగుదొడ్డి బేసిను నుండి, స్నానాల గది తూము నుండి. ఒక బస్తా అక్కడ కూడా. వీధి వైపు సంపు మూత నేలతో సమముగా ఉంటే మురుగు నేరుగా త్రాగునీటిలో దిగుతుంది. సంపు అంచు నేలకు అడుగున్నర లేపించి బిగుతైన మూత పెట్టించండి. ఇంటి యజమాని కాదంటే అద్దెలో పట్టుకొమ్మని అడగండి. మురుగు దిగిన సంపును తోడి, తోమి, బ్లీచింగు పౌడరు వేసి కడిగిన తరువాతనే మంచినీరు పట్టవలెను. ఆ తరువాత కూడా కొన్నాళ్లు కాచి త్రాగుటే మేలు. తుపాను కబురు వినగానే మిద్దె మీది ట్యాంకు నింపి ఉంచండి. నిండిన ట్యాంకు గాలికి లేవదు, నాలుగు రోజులు దాహము తీరుస్తుంది.

కాగితముల విషయములో గుమాస్తాగా నాకు పట్టుదల ఎక్కువ, మన్నించండి. ఊరు విడిచి వచ్చినవారికి కాగితమే ఊరు. పదో తరగతి సర్టిఫికెట్టు, కుల ధ్రువపత్రము, ఊళ్లోని పొలము పాసుపుస్తకము, భోగ్యపు అగ్రిమెంటు. ఒకటి పోతే దాని నకలు కోసము చిత్తూరో శ్రీకాకుళమో పోవలెను. పోలీసు కాగితము, అఫిడవిట్టు, మూడు రోజుల సెలవు, అక్కడి గుమాస్తా మొహము. గుమాస్తాల మొహములు ఎట్లా ఉంటవో నాకు తెలుసు. అన్నీ ఒకే గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి ముడిచి, దానిని మరొక సంచిలో తలక్రిందుగా పెట్టి, తలుపు పక్కన మేకుకు మనిషి తల ఎత్తున తగిలించండి. పారిపోయేటప్పుడు చేతికి అందుతుంది. డిజిలాకరులో దొరికేవి అందులో తెచ్చుకోండి, మిగిలినవాటి ఫొటోలు ఊళ్లోని అన్నదమ్మునికి పంపండి. లామినేషను మీద మనవారికి మోజు ఉన్నది. అంచు విడి లోపల నీరు చేరితే ఆ కాగితము ఆరదు, కుళ్లుతుంది. మామూలు కాగితము తడిస్తే రెండు రోజులలో బూజు పడుతుంది గనుక ఆలోగానే విడదీసి, పత్రికా కాగితముల మధ్య పెట్టి, నీడన ఫాను క్రింద ఆరవేయండి. ఎండలో వేయకండి.

బీమా గురించి ఒక్క మాట. 2021 ఏప్రిల్ నుండి భారత్ గృహ రక్ష అనే పేరుతో సాధారణ బీమా కంపెనీలు ఇచ్చే పాలసీలో వరద నష్టము చేరి ఉన్నది. అద్దెకుండేవారు సామానుకు మాత్రమే తీసుకోవచ్చును. బండికి థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే వరదకు పైసా రాదు. మునిగిన బండిని స్టార్టు చేసి చూడవద్దు. ఇంజనులోకి నీరు లాగుకొంటే బీమావారు మాట మారుస్తారు, మెకానిక్కు పట్టుకొనిపోవలెను.

భద్రాచలములో గోదావరి గట్టున మట్టము గుర్తులు ఉన్నవి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. అక్కడ చిన్న పిల్లవాడు కూడా అడుగుల లెక్కలో మాట్లాడతాడు. రైలు వంతెనల స్తంభముల మీద కూడా ఇంతవరకు చూచిన అత్యధిక వరద మట్టము రంగుతో గీసి ఉంటుంది, దానితోబాటు ప్రమాద మట్టము. వానాకాలములో గస్తీ తిరిగే మనిషి లాంతరు పెట్టి ఆ గీతనే చూస్తాడు. అతనికి క్యూసెక్కులు అక్కరలేదు, గీత చాలు.

మన వీధులలో అటువంటి గీత ఒక్కటి లేదు. ఏ వాన ఎక్కడిదాకా వచ్చినదో ఎవరి జ్ఞాపకములో వారికే. వారు ఇల్లు ఖాళీ చేసి పోతే ఆ జ్ఞాపకమూ పోతుంది, తరువాత అద్దెకు వచ్చినవాడు మళ్లీ మొదటినుండి మునుగుతాడు. కార్యవర్గమువారికి నా మనవి ఒకటే. ఈ జూన్‌లో వానలు ముదరకముందే మన సంఘపు యువకులు ఇద్దరిద్దరుగా వీధులు తిరిగి, పాత కాపురస్తులను అడిగి, ఏ ఇంటి దగ్గర ఏ ఏట నీరు ఎంత ఎత్తు వచ్చినదో ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను. ఇంటివారు ఒప్పుకొన్న చోట గోడ మీద ఎర్రగీత గీసి ఏడు వ్రాయవలెను. ఇల్లు అద్దెకు వెతికే మనవాడు ఎవడైనా సంఘపు గదికి వచ్చి ఆ పుస్తకము చూచుకొని పోవచ్చును. రంగు డబ్బా, కుంచె నేను తెస్తాను. పుస్తకమునకు గీతలు కొట్టి పట్టికలు వేసే పని కూడా నాకే ఇవ్వండి, అది నాకు అలవాటైన పని. పేర్లు ఇవ్వదలచిన కుర్రవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలుసుకోవచ్చును.